ప్రెసిడెన్షియల్ రేంజ్‌కి వెళ్తున్న మేనల్లుడికి

చి. బుజ్జికి,

మామయ్య దీవెనలు. అమెరికా తూర్పున సాగే పొడవాటి కాలిబాట అపలాచియన్ ట్రెయిల్‌లో, న్యూ హాంప్‌షైర్ కొండల వరుస ప్రెసిడెన్షియల్ రేంజ్ భాగం జూలైలో నడుస్తానన్నావు. జూలై కదా అని ఎండాకాలం బట్టలు సర్దుకోకు. అక్కడి అన్నిటికన్నా ఎత్తైన శిఖరం మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే, హిమాలయాల పక్కన ఆనదు. అయినా ఆ శిఖరం మీద జూలై సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరే. మంచు పడని నెలంటూ లేదు. 1934 ఏప్రిల్‌లో అక్కడ కొలిచిన గాలి గంటకు 372 కిలోమీటర్లు.

చెట్లు దాదాపు 1,400 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. పైన లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ హట్ (నడిచేవాళ్లు రాత్రి ఆగే బస) నుంచి మాడిసన్ స్ప్రింగ్ హట్ దాకా సుమారు 11 కిలోమీటర్లు బోడి రాళ్లే, తలదాచుకునే చోటు అరుదు. వెళ్లాలా ఆగాలా అన్నది హట్‌లో ఉండగానే తేల్చుకో. ఊరి వాతావరణం చూసి మోసపోకు. శిఖరం మీది వాతావరణ కేంద్రం మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ పై శిఖరాలకు విడిగా ఇచ్చే సూచనే చూడు. గాలి గంటకు 80 కిలోమీటర్లు దాటుతుందన్నా, పొద్దున్నే ఉరుములన్నా ఆగిపో. ఉరుములు మధ్యాహ్నానికైతే తెల్లారకముందే బయల్దేరు. హట్‌కి ముందే కట్టిన డబ్బు గుర్తొచ్చి ఎక్కేవాళ్లే ఎక్కువ చిక్కుల్లో పడతారు.

మెరుపు కనిపించాక లెక్కపెట్టు. 30 సెకన్లలోపే ఉరిమిందంటే పిడుగు 10 కిలోమీటర్లలోపు ఉన్నట్టే. వెంటనే శిఖరం వదిలి దిగు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. రాతి చూరు కింద దూరొద్దు, పిడుగు కరెంటు రాయి వెంటే పాకుతుంది. టెంట్ కూడా కాపాడదు. నలుగురుంటే దూరదూరంగా నడవండి.

పిడుగు కన్నా తడి చలితోనే ఎక్కువ జాగ్రత్త. కాటన్ బట్టలు వద్దే వద్దు, జీన్స్ సరేసరి. తడిస్తే ఆరవు, ఒంటి వేడి లాగేస్తాయి. వాన జాకెట్ చెమటనూ లోపలే ఆపుతుంది, అందుకే ఎక్కేటప్పుడు చంకల కింది జిప్పులు తెరిచి నెమ్మదిగా నడువు. పోంచో (తల మీంచి వేసుకునే వదులు వానకప్పు) ఆ గాలికి తెరచాపలా ఎగిరిపోతుంది. బ్యాగు పైన వేసే కవర్‌నీ నమ్మకు. బ్యాగు లోపల చెత్తకు వాడే మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో ఒక జత పొడిబట్టలు, ఉన్ని టోపీ, గ్లోవ్స్ పెట్టి మూతి మెలితిప్పు.

గాలివానలో ఆగి వండుకోవడం కుదరదు. పల్లీపట్టీ, ఖర్జూరాలు జేబులోనే ఉంచుకుని ముప్పావుగంటకోసారి నములు. తోటివాడు జిప్పు పెట్టుకోలేక తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా చలి లోపలికి దిగిందన్నమాట. గాలి తగలని చోట తడిబట్టలు మార్చి, మింగగలిగితే తీపి పెట్టండి. వణుకు ఆగిందంటే కోలుకున్నాడనుకోవద్దు, ముదిరిందని అర్థం. అత్యవసర నంబరు 911 కి ఫోన్ చేయండి.

పొగమంచు కమ్మితే ఒకరు దారి గుర్తుగా పేర్చిన రాళ్లకుప్ప దగ్గరే నిలబడాలి, రెండోవారు మాట వినిపించేంత దూరంలోనే తరువాతి కుప్ప వెతకాలి. తడి చేతికి ఫోన్ తెర పలకదు, కాగితం మ్యాపు జిప్‌లాక్‌లో పెట్టుకో. తొందరలో తూర్పు లోయల్లోకి, ముఖ్యంగా హంటింగ్టన్ రవీన్‌లోకి దిగకు, నిటారు రాయి.

ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతావో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తావో కింద ఉండే స్నేహితుడికి రాసిచ్చి వెళ్లు. మీ అమ్మకి మాత్రం దిగాకే చెప్పు.

మామయ్య