సెమినరీలో ఎవరూ "పెళ్లెప్పుడు" అని అడగరు

అడిగిన ప్రశ్న: "గే అయిన అబ్బాయి ఫాదర్ చదువుకి వెళ్తే సెమినరీలో రోజులు ఎలా గడుస్తాయి? తోటివాళ్లతో ఇబ్బంది ఉంటుందా?"

ఏడేళ్లు ఉన్నాను కాబట్టి జవాబు రాసే హక్కు నాకుందనే అనుకుంటున్నా. మాది గుంటూరు వైపు ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబం. ఇంటర్ అయ్యాక 2013 జూన్‌లో చేరాను. 2020లో ఫాదర్ కాకుండానే బయటికొచ్చాను. ఏ సెమినరీ, ఏ పీఠం (బిషప్ గారి పరిధి) అని అడగకండి, చెప్పను.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది ఏదో మసాలా దొరుకుతుందని అడుగుతారు. మసాలా లేదండీ. ఉప్మా ఉంది. వారానికి నాలుగు రోజులు ఉప్మానే, అందులో ఉల్లిపాయ కనిపిస్తే ఆ రోజు ఎవరిదో పునీతుల పండగ అని అర్థం. పొద్దున ఐదింటికి గంట. ప్రార్థన, ధ్యానం, ఆ తర్వాత దివ్యబలిపూజ (మాస్). ధ్యానంలో సగం మంది నిద్రపోతారు. టిఫిన్, క్లాసులు, భోజనం, ఒక కునుకు, పని, ఆట, స్నానం, జపమాల, స్టడీ, రాత్రి ప్రార్థన. ఇక తెల్లారేదాకా మాటల్లేవు. గే అయినా కాకపోయినా బాత్రూమ్‌లు కడిగే డ్యూటీ పదిహేను రోజులకోసారి వస్తుంది.

తోటివాళ్లతో ఇబ్బందా? వాళ్ల వల్ల పెద్దగా లేదు. ఇబ్బంది అంతా నాతో నాకే.

చేరిన మొదటి వారంలోనే ఒక సూత్రం చెప్పారు. ఒంటరిగా తిరగడం తగ్గించండి, ఇద్దరిద్దరుగా అసలు తిరగొద్దు, ఎప్పుడూ ముగ్గురుండాలి. ఇది శ్రీసభలో (కాథలిక్ చర్చిలో) చాలా పాత మాట, లాటిన్‌లో కూడా ఉంది. "ప్రత్యేక స్నేహాలు" పెరగకూడదని దాని ఉద్దేశం. నాకు నవ్వొచ్చేది. యూరప్ మఠాల్లో పుట్టిన నియమం అది. మన దగ్గర మగపిల్లలు భుజాల మీద చేతులేసుకుని, చిటికెన వేళ్లు పట్టుకుని ఊరంతా తిరుగుతారు, పట్టించుకునేవాడు లేడు. మా బ్రదర్లూ (ఫాదర్ చదువులో ఉన్నవాళ్లని అలాగే పిలుస్తారు) అంతే. వాలీబాల్ అయ్యాక చెమట చొక్కాలతో ఒకరి ఒళ్లో ఒకరు పడి కూర్చునేవాళ్లు. మధ్యలో జానెడు ఖాళీ ఉందో లేదో చూసుకుని కూర్చునేది నేనొక్కణ్ణే. ఒకసారి నా పక్క మంచం బ్రదర్‌కి టైఫాయిడ్ వచ్చింది. అందరూ వంతులేసుకుని రాత్రిళ్లు కూర్చుని కాళ్లు పట్టారు. నా వంతు వచ్చేసరికి గ్లాసులో గ్లూకోజ్ కలిపిచ్చి, దుప్పటి కప్పి, బయట వరండాలో కూర్చున్నా. వాడు ఇప్పటికీ అంటాడు, "నువ్వొక్కడివే రా నన్ను అంటుకోలేదు" అని. రోజువారీ జీవితం అంటే ఇదే. పాపం కాదు, శోధన కాదు. ఎవరికీ లేని లెక్కలు మనం వేసుకుంటూ ఉండటం.

ఇంకోటి, నాటకాలు. అందరూ మగవాళ్లే కాబట్టి తపస్సుకాలంలో (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) సిలువమార్గం, అంటే యేసు సిలువ మోసిన కథ, ఆడితే ఆడవేషాలు కూడా మాకే. మొదటి ఏడు నాకు వెరోనికమ్మ వేషం ఇచ్చారు. వంట చేసే ఆంటీ చీర. కట్టింది కూడా ఆవిడే. యేసుప్రభువు ముఖం తుడవాలి. నేను తుడిచిన తీరుకి మఠకన్యలు (సిస్టర్లు) కళ్లు తుడుచుకున్నారు. మా వాళ్లు ఈలలు వేశారు. ఆ రోజు నుంచి నా పేరు "వెరోనికా". ఎగతాళే, కాదనను. కానీ ఆ ఎగతాళి కింద ఎవరికి ఏం తెలుసు, ఎంత తెలుసు అని ఏడేళ్లూ టెన్షనే.

రూల్స్ సంగతికొద్దాం. నేను చేరిన రెండో నెలలో, జులైలో, పోప్ ఫ్రాన్సిస్ రియో నుంచి తిరిగొస్తూ విమానంలో గే వాళ్ల గురించి "తీర్పు చెప్పడానికి నేనెవరిని" అన్నారు. పేపర్లో చదివి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు క్లాసులో 2005 నాటి వాటికన్ సూచన గురించి చెప్పాడు. లోతుగా పాతుకుపోయిన స్వలింగ ధోరణి ఉన్నవాళ్లని సెమినరీలో చేర్చుకోకూడదు. తాత్కాలికమైనదైతే డీకన్ పట్టానికి (ఫాదర్ అయ్యే ముందు మెట్టు) కనీసం 3 ఏళ్ల ముందే దాన్ని దాటేసి ఉండాలి. నేను క్యాలెండర్ వెనక్కి లెక్కేశాను, మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ చూసినట్టు. దాచిపెట్టి పట్టం పుచ్చుకోవడం పెద్ద మోసం అని కూడా అందులోనే ఉంది. అంటే చెప్తే పంపేస్తారు, చెప్పకపోతే మోసగాడివి. 2016లో సెమినరీలకి వాటికన్ కొత్త నియమావళి వచ్చినప్పుడు మారుతుందేమో అనుకున్నా. అదే మాట మళ్లీ రాశారు.

మూడో సంవత్సరం ఫిలాసఫీలో స్పిరిచువల్ ఫాదర్ గారికి చెప్పేశాను. ఇది తెలియనివాళ్ల కోసం: సెమినరీలో మనల్ని ఉంచాలా పంపాలా అని తేల్చేటప్పుడు స్పిరిచువల్ ఫాదర్ అభిప్రాయం ఎప్పుడూ అడగకూడదని శ్రీసభ కానన్ చట్టం 240లో ఉంది. ఆ ధైర్యంతోనే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇలాంటివాణ్ణి వద్దని నచ్చచెప్పడం ఆయన బాధ్యతని అదే 2005 సూచన అంటుంది. రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నారు. చివరికి "బ్రదర్, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగారు. పడుతోందన్నాను. "సరే, వెళ్లి పడుకో" అన్నారు. అంత మంచి మాట ఆ ఏడేళ్లలో ఇంకెవరూ అనలేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. సెమినరీ కష్టం అని అందరూ అనుకుంటారు. నా మటుకు నాకు అది సుఖం. ఎందుకంటే మన సమాజంలో ఇరవై దాటిన మగపిల్లాణ్ణి "పెళ్లెప్పుడు" అని అడగని చోటు అదొక్కటే. పైగా గౌరవం. సెలవులకి ఇంటికొస్తే మా పెద్దమ్మ కుర్చీ తుడిచి వేసేది. మన వైపు దైవపిలుపు అని వచ్చినవాళ్లలో చాలామందికి వినిపించింది దేవుడి పిలుపు కాదు, పెళ్లిచూపుల కబురు అని నా గట్టి నమ్మకం. రుజువులు అడిగితే లేవు. నా బ్యాచ్‌లో నాతో కలిపి నలుగురు అని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. కానీ తెలుస్తుంది.

ఈ సంగతి నాకు అర్థమైంది సెమినరీలో కాదు, రీజెన్సీలో. ఫిలాసఫీ అయ్యాక ఒక ఏడాది విచారణలో, అంటే ఒక గుడి పరిధిలో, పని చేయడానికి పంపుతారు. 2018 మార్చిలో ఒకరోజు పూజ అయ్యాక ఒకావిడ మా విచారణ గురువుల (గుడి ఫాదర్ గారి) దగ్గరికొచ్చి ఏడ్చింది. కొడుకు పెళ్లొద్దంటున్నాడట, ఎవరో ఏదో చేయించారట, ప్రార్థన చేయాలట. ఫాదర్ గారు నా వైపు చూసి, "బ్రదర్, నువ్వెళ్లి మాట్లాడు. ఒక ఈడు వాళ్లు, మీ మాటైతే వింటాడు" అన్నారు. ఆవిడ వెంటనే, "అవును బ్రదర్ గారూ, మీరు చదువుకున్నోళ్లు, నాలుగు మంచి మాటలు చెప్పండి" అంది.

బండేసుకుని వెళ్లాను. ఊరి చివర కల్లంలో ఉన్నాడు. మిర్చి ఎండబెట్టే రోజులు, కంటికి ఆనినంత మేరా ఎరుపే. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద ఉంటాడు. పట్టా మీద కూర్చుని తాలు ఏరుతున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చోగానే ఘాటు గొంతులోకి దిగి ఒకటే దగ్గు. లేచి నీళ్ల సీసా ఇచ్చాడు.

"అమ్మ పంపిందా బ్రదర్?"

అవునన్నాను. దారిలో తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆదికాండం, నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదు, వగైరా. అతను వింటూనే ఉన్నాడు, చేతులు ఆగలేదు. ఎర్రవి ఇటు, తెల్లబడినవి అటు. నా మాటలు నాకే ఎబ్బెట్టుగా అనిపించి, మాట మార్చడానికి, "ఈ తాలు కాయలు ఏం చేస్తారు?" అన్నాను.

"అవీ కొంటారు బ్రదర్, రేటే తక్కువ. కారంలో ఆడించేస్తారు, ఎవరికీ తెలీదు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు, "నాకు ఆడపిల్లల మీద ఆ ధ్యాసే లేదు. చిన్నప్పటి నుంచీ లేదు." అప్పుడు తల ఎత్తి నా వంక చూశాడు. "మీకూ లేదు కదా?"

నాకు మళ్లీ దగ్గొచ్చింది. ఈసారి మిర్చి వల్ల కాదు.

"మీకేం బ్రదర్. ఫాదర్ అవుతానంటే మీ ఇంట్లో పండగ చేసుకుని ఉంటారు. నేను పెళ్లొద్దంటే చేతబడి అంటున్నారు." ఇంకో నాలుగు కాయలు ఏరి, "నన్ను కూడా తీసుకుంటారా అక్కడ?" అన్నాడు.

నేనేం చెప్పి ఉండాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. చెప్పింది మాత్రం ఇది: "వయసు దాటిపోయింది, ఇప్పుడు తీసుకోరు." పచ్చి అబద్ధం. ఉద్యోగాలు మానేసి ముప్పై ఏళ్లకి వచ్చినవాళ్లు మా సెమినరీలోనే ఉన్నారు. అతను వస్తే నా సంగతి బయటపడుతుందని భయం, అంతే. ఫాదర్ గారికి "కొంచెం టైమ్ కావాలంటున్నాడు" అని చెప్పాను.

టైమ్ ఎవరూ ఇవ్వలేదు. ఈస్టర్ పండగ అయ్యాక మేలో పెళ్లి. రీజెన్సీలో నా ఆఖరి పని ఆ పెళ్లి పూజలో పాటలు పాడించడం. ఎవరి బలవంతమూ లేకుండా, స్వేచ్ఛగా వచ్చారా అని ఫాదర్ గారు అడుగుతారు కదా. "అవును" అన్నాడు. ఆ అమ్మాయి కూడా "అవును" అంది, గట్టిగా, సంతోషంగా. డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి వచ్చిందట. కల్లంలో జరిగిన సంభాషణ తెలిసిన మనిషి ఆ గుడిలో, వరుడు కాక, నేనొక్కణ్ణే. కీబోర్డ్ వాయించే అబ్బాయికి శృతి అందించి పాట ఎత్తుకున్నాను. మీరు అబ్బాయి గురించి ప్రశ్న అడిగారు, సరే. ఆ అమ్మాయి గురించి ఎవరైనా అడిగితే బాగుండు.

ఆ సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చింది. అప్పటికి నేను థియాలజీ మొదటి ఏడు. మర్నాడు పేపర్ స్టాండ్ దగ్గర రోజూ ఉండే గుంపు లేదు. ఒక్కొక్కరే వచ్చి, క్రికెట్ పేజీ తిప్పినట్టు తిప్పి, మొదటి పేజీ చదివి వెళ్లారు. ఒకడు "ఇక మన వెరోనికాకి స్వాతంత్ర్యం వచ్చినట్టే" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

మాట్లాడుకోవడం రాక కాదు. కులం గురించైతే భోజనాల బల్ల దగ్గర గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం, ఏ ఫాదర్‌కి ఏ విచారణ ఇచ్చారు, ఎందుకిచ్చారు అని. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంతోని గారు దేశంలోనే మొదటి దళిత కార్డినల్ అయినప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వారం రోజులు వాదనలే. 2023 డిసెంబర్‌లో స్వలింగ జంటలకి పూజ వెలుపల ఆశీర్వాదం ఇవ్వొచ్చని వాటికన్ పత్రం వచ్చింది. గ్రూపులో ఆ వారం వచ్చినవి క్రిస్మస్ స్టార్ ఫొటోలు.

నేనెలా బయటికొచ్చానంటే, అందులో కూడా వీరత్వం ఏమీ లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి అందరినీ ఇళ్లకి పంపారు. మళ్లీ రమ్మన్నప్పుడు నేను వెళ్లలేదు, ఒక ఉత్తరం రాసి ఊరుకున్నాను. ఊళ్లో నెల రోజులు "పారిపోయొచ్చాడు" అన్నారు. రెండో నెలలో సంబంధాలు మొదలయ్యాయి. కుర్చీ తుడిచి వేసిన మా పెద్దమ్మే తెచ్చింది మొదటిది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. వద్దన్న ప్రతిసారీ మా అమ్మ నా పేరు మీద ఒక పూజ చెప్పిస్తుంది.

మొన్న ఫిబ్రవరిలో గుణదల ఉత్సవానికి వెళ్లాను. షామియానా కింద ఫాదర్లు వరుసగా కూర్చుని పాపసంకీర్తనాలు (కన్ఫెషన్లు) వింటున్నారు. నేను చెప్పిన నలుగురిలో ఒకడు కూడా కూర్చున్నాడు, తెల్ల అంగీ, మెడలో ఊదా స్టోల్. ఏడేళ్లు పక్క పక్క బెంచీల్లో కూర్చుని ఒక్క మాట అనుకోనివాళ్లం. నన్ను చూసి తల ఊపాడు. అతని క్యూ చిన్నదే. నేను పెద్ద క్యూలో నిలబడ్డాను. తర్వాత టీ బడ్డీ దగ్గర దొరికాడు. "ఏం వెరోనికా, నా దగ్గరికి రావచ్చు కదా?" అన్నాడు. "నీకు తెలియనివేం ఉన్నాయి ఫాదర్ నా దగ్గర" అన్నాను. నవ్వి, రెండు టీలకీ తనే డబ్బులిచ్చాడు.