ఇంగ్లండ్‌లో గది అడ్వాన్సు ఇవ్వకపోతే టెక్కలిలో కేసు వెయ్యొచ్చా?

నరసన్నపేట నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళబ్బాయి ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. వెళ్ళిన కొత్తలో ఏ ఏజెంటూ ఇల్లివ్వలేదంట, జీతం స్లిప్పులుండాలి, ఆ దేశంలోనే ఉన్న మనిషి ష్యూరిటీ ఉండాలి, లేదంటే ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమన్నారంట. ఆఖరికి టెక్కలి కుర్రాడే ఒకడు, రెండేళ్ళ ముందే వెళ్ళినవాడు, తన పేరు మీదున్న ఇంట్లో తను ఉంటూనే ఒక గది ఇచ్చాడు. అడ్వాన్సు 65,000 మాత్రం టెక్కలిలో వాళ్ళ నాన్న అకౌంట్‌కి ఫోన్‌పే చెయ్యమన్నాడు. ఏడాదికి ఖాళీ చేస్తే కార్పెట్ మీద పసుపు మరక పడింది, మొత్తం మార్పించాలి అని ఒక్క రూపాయి ఇవ్వలేదు. "ఆ దేశం కోర్టుకి మేమేటి వెళ్తాం సార్, ఇక్కడ పోలీసు కేసు పెడితే డబ్బులొస్తాయేటి" అని అడుగుతున్నారు.

అయ్యా, మీరు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చూశాను. మెసేజ్ దగ్గర "బాబు రూమ్ అడ్వాన్స్" అని మీరే టైప్ చేశారు, ఆ మూడు మాటలే మీ కేసుకి ప్రాణం. అవి లేకపోతే అవతలి వాళ్ళు అది చేబదులు తీర్చిన డబ్బు అనో ఇంకోటనో అనుండేవారు.

పోలీసు కేసు అంత సులువు కాదండి. చీటింగ్ అనాలంటే, అంటే ఇప్పుడు బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318 సెక్షన్, డబ్బు తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. మీవాడు ఏడాది ఆ గదిలో ఉన్నాడు కదా, కాబట్టి ఇది సివిల్ గొడవే అంటారు. అదే లేని ఇంటికి ఫొటోలు చూపించి డబ్బు లాగేసుంటే కథ వేరు, అలాంటప్పుడు ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

సివిల్ దావా మాత్రం ఇక్కడ వెయ్యొచ్చు. ఇల్లు ఇంగ్లండ్‌లో ఉన్నా డబ్బు చేరింది టెక్కలి అకౌంట్‌లో, తీసుకున్న తండ్రి ఉండేది టెక్కలిలో, కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ ప్రకారం టెక్కలి కోర్టుకి వెళ్ళే దారుంది. తిరిగి ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్ళ లోపు వెయ్యాలి. ఆ తండ్రి "కొడుకు చెప్తే అకౌంట్ నంబరిచ్చాను, నాకేటి సంబంధం" అంటాడు, ఆ మాటకి కొంత బలం లేకపోలేదు, అందుకే కొడుకుని కూడా పార్టీ చెయ్యాలి. కానీ విదేశంలో ఉన్నవాడికి సమన్లు అందేసరికే నెలలు గడిచిపోతాయి. అందుకని నా సలహా ఏంటంటే, ముందు ఇద్దరి పేరునా లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, పదిహేను రోజులు చూడండి, కదలకపోతే దావా జోలికి పోకుండా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసుగా, అంటే దావా వెయ్యకముందే రాజీకి పిలిపించే కేసుగా పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా లేదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. ఊళ్ళో నలుగురికీ తెలిసిన కుటుంబం, పిలిచి కూర్చోబెడితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, నేను చూశాను.

పసుపు మరక సంగతి. ఆ మరక నిజంగానే మీవాడి వల్ల పడిందనుకుందాం, అయినా పాత కార్పెట్‌కి కొత్త కార్పెట్ ధర పూర్తిగా అడగడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, వాడకం వల్ల తగ్గిన విలువ తీసేసి మిగతాదే లెక్కేస్తారు. నష్టం జరిగిందని చూపించాల్సింది కూడా డబ్బు పట్టుకున్నవాడే. దిగిన రోజు తీసిన ఫొటోలేవైనా మీవాడి ఫోన్‌లో ఉన్నాయేమో వెతకమనండి, ఇంటికి వీడియో కాల్ చేసి గది చూపించినప్పుడు అమ్మ తీసుకున్న స్క్రీన్‌షాట్ అయినా పనికొస్తుంది. మీవాడు కావాలంటే అక్కడ కూడా ఆన్‌లైన్‌లో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వెయ్యొచ్చు, గడువు ఆరేళ్ళు. రెండు చోట్లా ఒకేసారి మాత్రం వద్దు.

ఇకపై ఇంకో ఇల్లు చూసుకునేటప్పుడు ఇది మీవాడికి చెప్పండి. ఇంగ్లండ్‌లో ఓనరు వేరేచోట ఉంటూ ఇల్లు అద్దెకిస్తే అడ్వాన్సు మామూలుగా ఐదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదు, ఆ డబ్బు 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో పెట్టాలి, పెట్టకపోతే అడ్వాన్సుకి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా కోర్టు వేయిస్తుంది. ఇచ్చినవాడు అదే ఇంట్లో ఉంటే మాత్రం ఆ డిపాజిట్ స్కీము రక్షణ ఉండదు, మీవాడు పడింది సరిగ్గా ఈ సందులోనే. ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం కూడా 2025లో వచ్చిన కొత్త చట్టంతో ఆగింది, 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి ముందుగా అడగకూడదు. వీసా చూపించమంటే మాత్రం కంగారు పడొద్దు, అది అక్కడ ఓనర్లు చెయ్యాల్సిన తనిఖీ, గవర్నమెంటు సైటులో షేర్ కోడ్ (వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోడానికి ఇచ్చే నంబరు) తీసి ఇస్తే చాలు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంచుకోనివ్వకూడదు.

ఇంకో మాట, మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఇక్కడ రూపాయలు వేసి అక్కడ పౌండ్లలో లెక్క సరిచేసుకోవడం ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టం ప్రకారం సరైన దారి కాదు. మన ఊళ్ళలో అందరూ చేస్తున్నారు, ట్రాన్స్‌ఫర్ చార్జీలు మిగుల్తాయని, కానీ గొడవొచ్చినప్పుడు అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఇకపై బ్యాంకుకెళ్ళి విదేశాలకి డబ్బు పంపే ఎ2 ఫారం నింపి మీ అబ్బాయి అకౌంట్‌కే పంపండి, ఏడాదికి 2,50,000 డాలర్ల వరకూ పంపడానికి వీలుంది, అక్కడి అద్దె వాడి చేత్తో వాడే కట్టాలి.

నా దగ్గరికి వచ్చేటప్పుడు, అడ్వాన్సు పంపిన నెల బ్యాంకు స్టేట్‌మెంటు స్టాంపు వేయించి తీసుకురండి. వాట్సాప్ చాట్ కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది మీవాడి ఫోన్ నుంచే తియ్యాలి. ఫోన్ మార్చొద్దని, ఆ కుర్రాడిని బ్లాక్ చేసినా చాట్ మాత్రం డిలీట్ చెయ్యొద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి.