ఇంజిన్ 3000 తిరుగుతుంటే మీటరు 7000 చూపిస్తోందేం?

ప్రశ్న: మాది ఒకే సిలిండరున్న ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్. స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే డిజిటల్ టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) పెట్టాను. స్లోలో బాగానే ఉంటుంది, రేజ్ చేయగానే అంకె 3000 నుంచి 7000కి, మళ్లీ 4200కి గెంతుతోంది. మీటరు పోయిందా?

జవాబు: మీటరు పారేయకండి, చాలావరకు అది బాగానే ఉండి ఉంటుంది. అది ఇంజిన్ తిరగడాన్ని చూడదు, ప్లగ్ వైరులో వచ్చే పల్స్‌ని లెక్కపెడుతుంది, అంతే. స్పార్క్ పడేటప్పుడు వైరులో వేల వోల్టులు ఒక్కసారిగా లేచి పడిపోతాయి, ఆ వెంటనే, గంట కొట్టాక మోత కాసేపు మిగిలినట్టు, చిన్న చిన్న అలలు వస్తాయి. వాటిలో ఒకదాన్ని మీటరు ఇంకో స్పార్క్ అనుకుందా, లెక్క తప్పినట్టే. ఈ అలలనే నాయిస్ అంటారు.

ఎప్పుడు చూసినా సరిగ్గా రెట్టింపే చూపిస్తుంటే మాత్రం అది నాయిస్ కాదు, సెట్టింగ్. ఫోర్ స్ట్రోక్ కదా అని చాలామంది మీటరులో రెండు చుట్లకు ఒక స్పార్క్ అని పెడతారు. కానీ ఫ్లైవీల్ అయస్కాంతంతో స్పార్క్ ఇచ్చే చిన్న ఇంజిన్లలో ఎక్కువ వాటికి ప్రతి చుట్టుకూ స్పార్క్ పడుతుంది, ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పడేది ఊరికే పోతుంది. మీది గెంతుతోంది కాబట్టి నాయిసే.

ముందు ఇంజిన్ ఆపి ప్లగ్ మీద నంబరు చదవండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ మీద బీపీ6ఈఎస్ అని ఉంటే లోపల రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే భాగం) లేదు, బీపీఆర్6ఈఎస్ అని ఉంటే ఉంది, ఆ 'ఆర్' అక్షరం చెప్పేది అదే. సుమారు 5 కిలో ఓమ్‌ల ఆ రెసిస్టర్ నాయిస్‌ని మూలంలోనే చాలా తగ్గిస్తుంది, నేనైతే మొదట ఇదే మారుస్తాను. మీ ఇంజిన్‌కు చెప్పిన సైజు, హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పే అంకె) మాత్రం మారకూడదు.

తర్వాత ప్లగ్ క్యాప్ పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. వదులుగా ఉంటే క్యాప్ లోపల కూడా స్పార్క్ కొడుతుంది, పైకి కనపడదు. వైరు పగిలిందేమోనన్న అనుమానం ఉంటే చీకట్లో ఇంజిన్ ఆన్ చేసి దూరం నుంచి చూడండి, లీకవుతున్న చోట నీలంగా మెరుస్తుంది. చేయి మాత్రం పెట్టొద్దు.

మీటరు వైరు ఆరేడు చుట్లు బిగించి చుట్టారేమో కూడా చూడండి, ఎక్కువ చుడితే ఆ అలలన్నీ కూడా దానికి గట్టిగా అందుతాయి. రెండు మూడుకు తగ్గించండి, మిగతా వైరును ప్లగ్ వైరు పక్కనే పోనివ్వకండి. గ్రౌండ్ వైరు ఉంటే పెయింట్ గీకి అసలు లోహానికి బిగించండి.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం పోకపోతే ఫ్లైవీల్ మీద మెరిసే టేపు ముక్క అంటించి ఆప్టికల్ టాకోమీటర్‌తో చూడండి, అది వెలుతురును లెక్కపెడుతుంది కాబట్టి స్పార్క్‌తో దానికి పనే లేదు. ఆ ఇంజిన్ రెండు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) మామూలు జనరేటర్‌ను నేరుగా తిప్పుతుంటే మల్టీమీటర్‌లో ఫ్రీక్వెన్సీ చూసినా చాలు, 50 హెర్ట్జ్ ఉందంటే ఇంజిన్ 3000 మీద ఉన్నట్టే.