అంబాసిడర్ ఇంజిన్ బ్లాక్ నుంచి నీళ్లు కారుతుంటే

అన్నా, మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పక్కన బిగించే గాలి, పొగ గొట్టాలు) కింద నీళ్లు కారుతున్నాయని మెకానిక్ ఇంజిన్ దించాలంటున్నాడా? అంత టెన్షన్ వద్దు. తుప్పు తిన్నది పక్కనున్న కోర్ ప్లగ్ (బ్లాక్‌లో నీళ్ల దారి రంధ్రాన్ని మూసే, చిన్న కప్పు లాంటి రేకు మూత) అయితే మ్యానిఫోల్డ్ విప్పితే మామూలుగా చెయ్యి పడుతుంది, గేర్‌బాక్స్ వైపుదైతే మాత్రం పెద్ద పనే.

ఇంజిన్ చల్లారాక నీళ్లన్నీ దించి, ప్లగ్ ఒక అంచు దగ్గర మొద్దు పంచ్ పెట్టి మెల్లగా కొడితే అది అడ్డం తిరుగుతుంది, ప్లయర్‌తో పట్టి లాగేయండి. గట్టిగా బాదారో, లోపలికి జారిపోతుంది, ఇక తిప్పలే. వెనక పేరుకున్న ఎర్ర బురదని వైరుతో కెలికి కడగండి, చాలామంది వదిలేసేది ఇదే. రంధ్రం అంచుని ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి.

కొత్తది ఇత్తడిది తీసుకోండి, చెన్నైలోనే ఉన్నారు కాబట్టి స్పేర్ పార్టుల షాపులుండే జీపీ రోడ్డులో అడగండి, కానీ నలిగిన పాత ప్లగ్ చూపించి కాదు, రంధ్రం కొలిచి. సీలెంట్ పల్చగా రాసి, ప్లగ్ కప్పులో వదులుగా పట్టే స్పానర్ సాకెట్ పెట్టి, వంకర పోకుండా కొట్టండి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ మార్చేయండి. తర్వాత బోరు నీళ్లు పోయకండి, కూలెంటే.