ఆ వీడియో ఎప్పటిది? ఆ కార్టూన్ ఎవరిది?

ప్రశ్న: మా గ్రూపులో ఒక నిరసన ర్యాలీ వీడియో వచ్చింది. ‘నిన్న జరిగింది, ఏ చానెలూ చూపించలేదు’ అని కింద రాశారు. నిన్నటిదో కాదో ఫోన్లోనే తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు తేల్చుకోవచ్చు. ఇలాంటివాటిలో వీడియో అసలుదే అయి ఉంటుంది. తేదీయో ఊరో మార్చి తిప్పుతుంటారు. దానికి ఎడిటింగ్ కూడా రానక్కర్లేదు, కింద రెండు ముక్కలు రాస్తే చాలు. కాబట్టి ‘ఇది నకిలీదా?’ అని కాదు, ‘ఎప్పటిది, ఎక్కడిది?’ అని వెతకండి.

ముందుగా ఫైల్ పేరును నమ్మకండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ వీడియో పేరులో ‘వీఐడీ’ తర్వాత ఎనిమిదంకెల తేదీ, ఆపైన ‘డబ్ల్యూఏ’ అని ఉంటుంది. ఆ తేదీ మీ ఫోన్‌కు చేరిన రోజుది, తీసిన రోజుది కాదు. తీసిన సమయం, చోటు లాంటి వివరాలు సాధారణంగా వాట్సాప్‌లో పంపేటప్పుడే పోతాయి.

వీడియోను నాలుగైదు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీయండి. మొదటి ఫ్రేము, జనం మొత్తం కనబడే ఫ్రేము, బోర్డో బ్యానరో స్పష్టంగా ఉన్న ఫ్రేము తప్పనిసరి. ఒక్కోదాన్నీ క్రాప్ చేసి, పైన అంటించిన క్యాప్షన్, చానెల్ లోగో తీసేయండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. లోగో అలాగే ఉంచితే, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్ ఆ లోగో ఉన్న బొమ్మలనే తెచ్చి చూపిస్తుంది. తర్వాత గూగుల్ యాప్ సెర్చ్ బాక్సులో కెమెరా గుర్తు (అదే లెన్స్) నొక్కి స్క్రీన్‌షాట్ ఎంచుకోండి. ఏమీ దొరక్కపోతే, ఇలాగే బొమ్మతో వెతికే టిన్‌ఐ (TinEye) సైటులో అదే బొమ్మ పెట్టి, ఫలితాలను పాతవాటి నుంచి అమర్చమనండి. రెండేళ్ల కిందటి కాపీ ఒక్కటి దొరికినా ‘నిన్న’ అన్న మాట అబద్ధమని తేలిపోతుంది. దొరకనంత మాత్రాన వీడియో కొత్తదని మాత్రం అనుకోకండి.

అప్పటికీ దొరక్కపోతే బోర్డుల మీది అక్షరాలు తిరగబడ్డాయేమో చూడండి. సెర్చ్‌కు చిక్కకుండా వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. గ్యాలరీ ఎడిటర్‌లో ‘ఫ్లిప్’ నొక్కి మళ్లీ వెతకండి. నినాదాలు కూడా వినండి. కెమెరా జనంలోంచి దూరంగా జరిగినా అరుపుల జోరు తగ్గకపోతే, ఆ ధ్వని వేరేచోటి నుంచి తెచ్చి అతికించారేమోనని అనుమానించాల్సిందే.

వాట్సాప్ సందేశం మీద రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చాట్ల గొలుసు దాటి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఎవరైనా వీడియోను సేవ్ చేసుకుని కొత్తగా పంపితే ఆ గుర్తు పోతుంది. కాబట్టి బాణాలు లేవని ధీమా పడొద్దు.

ప్రశ్న: ఒక నాయకురాలు తాగి మాట్లాడుతున్నట్టు మాట తడబడుతున్న క్లిప్ చూశాను. ఇది ఏఐ పనేనా?

జవాబు: ఏఐ దాకా వెళ్లకముందు స్పీడు చూడండి. 2019 మేలో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ ప్రసంగాన్ని దాదాపు 75 శాతం వేగానికి తగ్గించి వదిలారు. మాట సాగింది, చూసినవాళ్లు మత్తులో ఉందనుకున్నారు. అంతే, ఇంకే మాయా లేదు. గొంతు బొంగురుపోకుండా పిచ్ (స్వరం హెచ్చుతగ్గులు) సరిచేసే సౌకర్యం మామూలు ఎడిటింగ్ యాప్స్‌లోనే ఉంది, అందుకే చెవి సులువుగా మోసపోతుంది.

క్లిప్‌ను 1.25 లేదా 1.35 వేగంతో ఆడించండి. మాట, రెప్పపాటు, చేతుల కదలిక మామూలుగా అనిపిస్తే నెమ్మది చేశారని బలమైన సూచన. పూర్తి ప్రసంగం దొరికితే ఒకే వాక్యాన్ని రెండింట్లోనూ స్టాప్‌వాచ్‌తో కొలవండి. అసలులో 9 సెకన్లు పట్టింది క్లిప్‌లో 12 పడితే లెక్క సరిపోయినట్టే. వాక్యం మధ్యలో కోసి అతికించారని అనుమానమొస్తే కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియోను ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరపండి. తల ఒక్కసారిగా పక్కకు ఎగిరిన చోటే కోత. కోత కనబడిందంటే మోసమని కాదు, టీవీ వార్తల్లోనూ కోస్తారు. ఆ మధ్యలో పోయిన మాటలేమిటో చూడాలి.

ఏఐతో చేసినదని లేబుల్ లేదని భరోసా పడకండి. పెట్టినవాళ్లు చెప్పకపోతే లేబుల్ రాకపోవచ్చు, డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కిస్తే ఉన్నదీ పోవచ్చు.

ప్రశ్న: నేను రాజకీయ కార్టూన్లు గీస్తాను. చేతులు మారేకొద్దీ గీతలు మసకబారుతున్నాయి. ఎవరో నా సంతకం కోసేసి, వ్యాఖ్య మార్చి, ఎదుటి పక్షానికి వాడుకున్నారు కూడా.

జవాబు: మసకకు కారణం జేపెగ్ అనే ఫైలు రకం. బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. నల్లగీత పక్కన తెల్లకాగితం ఉన్నచోట దుమ్ములాంటి మచ్చలు వస్తాయి, సేవ్ చేసిన ప్రతిసారీ పెరుగుతాయి. గీత బొమ్మలకు, సేవ్ చేసినా నాణ్యత తగ్గని పీఎన్‌జీ రకం వాడండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080×1350 పిక్సెళ్లకు మీరే తగ్గించి ఎక్కించండి, వాళ్లకు వదిలితే గీతలు వాళ్లిష్టం. వాట్సాప్‌లో ఫొటోగా కాక ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు మారకుండా చేరుతుంది.

సంతకం మూలన పెడితే ఒక్క క్రాప్‌తో పోతుంది. పాత్ర చొక్కా మడతలోనో కుర్చీ కాలి మీదో, కోస్తే బొమ్మ చెడే చోట పెట్టండి. వ్యాఖ్య మార్చకుండా ఆపడం మాత్రం కష్టం. 1870ల్లో న్యూయార్క్ నాయకుడు ట్వీడ్ మీద థామస్ నాస్ట్ వేసిన కార్టూన్లను గుర్తుచేసుకోండి. పరారైన ట్వీడ్‌ను 1876లో స్పెయిన్‌లో వాటిలో ఒక బొమ్మ ఆధారంగానే గుర్తుపట్టారంటారు, ఇంగ్లిష్ వ్యాఖ్యతో పని లేకుండానే. విమర్శ బొమ్మలోనే ఉంటే కింది వాక్యం మార్చినా అర్థం తిరగబడదు. లేయర్లున్న అసలు ఫైలు, మొదట పోస్ట్ చేసిన లింకు దాచుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు అడిగేవి అవే.

ప్రశ్న: ఒక షార్ట్ వీడియోకు పది లక్షల వ్యూస్ వచ్చాయి. జనం అభిప్రాయం అటే ఉందనుకోవచ్చా?

జవాబు: అనుకోలేం. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ. మళ్లీ ఆడితే ఇంకొకటి. వేలితో వెంటనే జరిపేసినా లెక్కలోకి వస్తుంది. తిట్టుకుంటూ చూసినవాళ్లూ అందులోనే ఉన్నారు. పైగా మీకు కనబడిందంటే అందరికీ కనబడిందని కాదు. సరిచూడాలంటే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి, లాగిన్ కాకుండా అదే విషయం వెతకండి, వచ్చే వరుస వేరేగా ఉంటుంది. మీ ఫీడ్ అంతా ఒకే పార్టీతో నిండిపోతే ఒక్కో వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘డోంట్ రికమెండ్ చానెల్’ ఎంచుకోండి. దాంతోపాటు వాచ్ హిస్టరీలోంచి ఆ వీడియోలు తీసేయండి. హిస్టరీ అలాగే ఉంటే అదే బాపతు వేరే చానెళ్ల నుంచి మళ్లీ వచ్చిపడుతుంది.