‘మీ వాళ్లే కదా’ అన్న మాట దగ్గర ఆగిపోయిన ఇల్లు

ప్రశ్న: మాది గాజువాక. మావారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. పద్మనాభం దగ్గర అత్తగారి వైపు నుంచి వచ్చిన ముప్పై సెంట్లలో చిన్న ఫామ్‌హౌస్ కట్టుకుని, నాలుగు కూరగాయ మొక్కలు వేసుకుని అక్కడే ఉండాలని ఆయన కోరిక. హుద్‌హుద్ తుఫానులో మా అత్తగారి ఇంటి రేకులు ఎగిరిపోయినప్పటి నుంచీ గట్టి ఇల్లు కట్టాలనే పట్టుదలతో ఉన్నారు. మా అక్క కొడుకు మధురవాడలో కాంట్రాక్టులు చేస్తాడు. మెటీరియల్‌తో సహా అడుగు 2,000 చొప్పున 1,200 చదరపు అడుగులకు 24 లక్షలు మాట్లాడుకున్నాం. కాగితం రాసుకోలేదు. ఇప్పటికి 17 లక్షలు ఇచ్చాం. పిల్లర్లు లేచాయి, గోడలు లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దిమ్మె) దాకా వచ్చాయి, శ్లాబ్ పడలేదు. ఆషాఢం అని పని ఆపాడు. శ్రావణం పోయింది, వినాయక చవితీ వెళ్లిపోయింది. ఐరన్, ఇసుక రేట్లు పెరిగాయి, ఇంకో 5 లక్షలు ఇస్తేగానీ శ్లాబ్ వెయ్యలేనంటున్నాడు. మావారు నా బంగారం కుదువ పెడదామంటున్నారు. నేనేమన్నా అంటే ‘మీ వాళ్లే కదా’ అంటారు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర లేదు. మొన్న ‘నేను పోయాకైనా పూర్తి చేసుకోండి’ అన్నారు. అక్కేమో ‘మా వాడి మీదే అనుమానమా’ అని ఫోన్ పెట్టేసింది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఉన్నది ఉన్నట్టు అమ్మేయమంటున్నాడు. నేనేం చెయ్యాలి? – ఒక సోదరి

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ‘నేను పోయాకైనా’ అన్నారు చూశారా, ముందు ఆ మాట దగ్గర ఆగండి. విసుగులో అన్నారేమో, అయినా వదిలెయ్యకండి. ఈరోజే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?’ అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగిన మనిషి ఉన్నారన్న ధైర్యమే వస్తుంది. అవునన్నా, జవాబు దాటేసినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, మీరూ చెయ్యొచ్చు. అలాంటిదేమీ లేదన్నా సరే, వారాల తరబడి నిద్ర లేని మనిషికి ఒకసారి బీపీ, షుగర్ చూపించి తీరాలి.

ఇక ‘మీ వాళ్లే కదా’ అనడం గురించి. మీవారు జీవితమంతా ఇనుము మధ్యే బతికిన మనిషి. ఏ రాడ్డు ఎంత బరువు తూగాలో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి ఆయన తన సొంత ఇంటి దగ్గర, దిగిన లోడుకు బిల్లేదని ఎందుకు అడగలేదు? మీ అక్క కొడుకు అనే మొహమాటం. అడిగితే మీరేమనుకుంటారో, అత్తవారి వైపు ఏమనుకుంటారో అని నోరు కట్టేసుకున్నారు. ఇప్పుడు ఆ కోపం ఎక్కడికీ పోలేక మీ మీదకు వస్తోంది. మీరు కూడా అక్కకు బాధ కలుగుతుందని ఇన్నాళ్లూ ఏమీ అడగలేదు. ఇద్దరిదీ ఒకే మొహమాటం, కాకపోతే ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుంటున్నారు.

అందుకని ఆయనతో మీరే ముందు ఈ మాట అనండి: ‘వాడు మా అక్క కొడుకని మీరు ఏమీ అడగలేకపోయారు. ఇకనుంచి మీరే అడగండి, నేను మీ పక్కనే నిలబడతాను.’ అది విన్నాక ఆయన కోపం వెంటనే తగ్గకపోవచ్చు. కానీ అడిగే హక్కు తిరిగి ఆయన చేతికి వస్తుంది. ఇప్పుడు ఆయనకు కావాల్సింది అదే.

బంగారం మాత్రం కుదువ పెట్టకండి. 24లో 17 అంటే డెబ్బై శాతం డబ్బు చేతులు మారిపోయింది, ఇల్లేమో లింటెల్ దగ్గరే ఉంది. శ్లాబ్ పడ్డాక ఇంకా ప్లాస్టరింగ్, కరెంటు, ప్లంబింగ్, ఫ్లోరింగ్, తలుపులు, రంగులు ఉంటాయి. ఖర్చులో సగం దాకా వాటికే పోతుంది. అంటే ఇచ్చిన డబ్బుకూ, జరిగిన పనికీ మధ్య పెద్ద తేడా ఉంది. ఆ తేడా ఎంతో లెక్క తేలకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ అక్క కొడుకు మోసం చేశాడని నేననను. చిన్న కాంట్రాక్టర్లలో ఈ సైటు అడ్వాన్సు ఆ సైటుకు, ఆ సైటు డబ్బు ఇంకో సైటుకు తిప్పడం మామూలైపోయింది. ఎక్కడో ఒక బిల్లు ఆగితే అన్ని సైట్లూ ఆగిపోతాయి. కారణం అదే అయితే మీ 5 లక్షలు కూడా అలాగే ఇంకెక్కడికో వెళ్తాయి.

చుట్టరికం లేని ఒక లైసెన్స్‌డ్ ఇంజినీరును ఫీజు ఇచ్చి సైటుకు తీసుకెళ్లండి. పునాది నుంచి లింటెల్ దాకా పనంతా కొలిపించి, ఎంత విలువ చేస్తుందో కాగితం మీద రాయించండి. కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో తెలిపే రీబౌండ్ హ్యామర్ పరీక్ష కూడా చేయించండి. ఆ రోజు మీ అక్క కొడుకును తప్పకుండా రమ్మనండి. చాటుగా కొలిపిస్తే అది అనుమానమే అవుతుంది, ఎదురుగా కొలిపిస్తే లెక్క అవుతుంది. ‘నువ్వు నిజాయితీపరుడివా’ అనే ప్రశ్న అక్కడ రాకూడదు. ‘ఎన్ని టన్నుల ఇనుము దిగింది, బిల్లులేవి’ అన్నంత వరకే మాట్లాడాలి. రేట్లు పెరిగాయంటే పెరిగిన తేడాకు జీఎస్టీ బిల్లు చూపించమనండి. నిజంగా పెరిగితే అది ఇవ్వడం న్యాయమే.

ఆ 5 లక్షల లెక్క మీవారే వెయ్యగలరు. 1,200 అడుగుల శ్లాబు అయిదు అంగుళాల మందం వేస్తే 500 ఘనపుటడుగుల కాంక్రీటు, అంటే సుమారు 14 క్యూబిక్ మీటర్లు. శ్లాబులకు మామూలుగా వాడే ఎం20 కాంక్రీటు మిశ్రమంలో క్యూబిక్ మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే బీములు కాకుండానే 110 బస్తాల పైమాటే. ఇనుము టన్ను నుంచి టన్నున్నర దాకా. 12 ఎంఎం రాడ్డు పన్నెండు మీటర్లది పదిన్నర కిలోల పైచిలుకు తూగాలి. డిజైన్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి, ఇంజినీరుతో సరిచూసుకోండి. మీవారిని పెన్నూ కాగితం పట్టుకుని కూర్చోమనండి. మీరు కూడా పక్కనే కూర్చోండి.

సైటుకు వెళ్లినప్పుడు ఇంకొన్ని చూడాలి. పిల్లర్ల మీద నుంచి పైకి వచ్చిన రాడ్లు నెలల తరబడి తడుస్తున్నాయి, పైగా మన దగ్గర ఉప్పుగాలి. పైపైన ఎర్రబడితే వైర్ బ్రష్‌తో రుద్ది, సిమెంటు పాలు పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టించండి. పొరలు పొరలుగా ఊడుతుంటే ఇంజినీరు చెప్పాక తప్ప వాటి మీద పని మొదలుపెట్టనివ్వకండి. షెడ్డులో మిగిలిన సిమెంటు బస్తాల మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటి, చేత్తో నొక్కితే గడ్డలు నలగకపోతే ఆ బస్తాలు శ్లాబులోకి వెళ్లకూడదు. ఇసుక పిడికెడు తీసి నాలుక మీద పెట్టి చూడండి. భీమిలి తీరం దగ్గరే ఉంది కదా, ఉప్పగా ఉంటే ఆ లోడు వెనక్కి పంపాల్సిందే. ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. బోరు నీళ్లకూ ఇదే మాట.

శ్లాబు కోసం తొందరపడకండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతూనే ఉంటాయి. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. ఈలోపు పైన ఏ ఆధారమూ లేని గోడలకు సపోర్టులు కట్టించండి, ఈదురుగాలికి పడిపోయేవి ముందు అవే. శ్లాబు పోశాక కనీసం పది రోజులు నీళ్లు నిలబెట్టాలి, ఆ నీళ్లు పెట్టే మనిషెవరో ముందే తేల్చుకోవాలి.

కొలత అయ్యాక మిగతా పనికి వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకోండి. నా సలహా అయితే, ఇకమీదట మెటీరియల్ మీరే కొనండి, మీ అక్క కొడుక్కి లేబర్ కాంట్రాక్టు మాత్రమే ఇవ్వండి. ఇనుము, సిమెంటు డీలరు దగ్గరికి మీవారే వెళ్లాలి, బిల్లు ఆయన పేరు మీదే ఉండాలి. డబ్బు పని పూర్తయిన దశకే, అదీ బ్యాంకు ద్వారానే. శ్లాబుకు ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత అని రాసుకుని, ఆఖరి వాయిదా ఒక వానాకాలం గడిచి కారడం లేదని తేలాకే ఇవ్వండి. ఎక్కువ తీసుకున్న డబ్బుకు సరిపడా పని ముందు చేసిపెట్టాకే కొత్త డబ్బు అన్నది మొదటి షరతుగా ఉండాలి.

దీనికి ఒప్పుకోకపోతే మర్యాదగా అక్కడితో ఆపి, ఇంకో మేస్త్రిని చూసుకోండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, వాట్సాప్ మెసేజీలు, ఫోటోలు భద్రంగా పెట్టుకోండి. రాతపూర్వక ఒప్పందం లేకపోయినా ఇవే సాక్ష్యం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువుంది, ఈలోపు కుదుర్చుకునే ప్రయత్నం చెయ్యండి. అమ్మేయమన్న మీ అబ్బాయి మాట కొట్టిపారేయకండి, కానీ సగంలో ఆగిన ఇంటికి ఇప్పుడు సగం ధర కూడా పలకదు. పైగా ఇది మీవారి జీవితంలో మిగిలిన పెద్ద కోరిక. మీ అబ్బాయిని కొలతల రోజుకు ఒక్కరోజు సెలవు పెట్టి రమ్మనండి. దూరం నుంచి ఇచ్చే సలహా కంటే తండ్రి పక్కన నిలబడడం ఎక్కువ పని చేస్తుంది.

అక్కతో మాట్లాడాల్సింది మీరే, మీవారు కాదు. ఆవిడ కోపంలో భయం కూడా ఉంది. కొడుకు చేతిలో డబ్బు లేదని ఆవిడకు తెలిసే ఉంటుందని నా ఊహ. లెక్కల గురించి ఆవిడతో చర్చ పెట్టకండి. ‘అక్కా, వాడి మీద నాకు కోపం లేదు. ఆయన ఆరోగ్యం బాగోలేదు, నిద్ర పోవడం లేదు. లెక్క తేల్చుకుంటే ఆయన మనసు కుదుటపడుతుంది, వాడికీ మంచిదే’ అని చెప్పి ఊరుకోండి. ఇంజినీరు ఏ రోజు వస్తున్నాడో కూడా చెప్పండి, రావాలనుకుంటే రమ్మనండి. ఆవిడ కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. దానికి భయపడి మళ్లీ డబ్బు పంపకండి. దీపావళికి ఎప్పటిలాగే పిలవండి, రాకపోతే సంక్రాంతికి పిలవండి.