ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తుందా?

ప్రశ్న: మోల్ (అణువుల సంఖ్యని బట్టి పదార్థాన్ని కొలిచే ప్రమాణం) లెక్కల్లో అదనంగా తీసుకున్న పదార్థం చివరికి అలాగే మిగిలిపోతుందని రాస్తాం. సమతాస్థితి (చర్య ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో జరిగే స్థితి) పాఠంలో మాత్రం ఒక క్రియాజనకాన్ని (చర్యలో పాల్గొనే పదార్థాన్ని) ఎక్కువ వేస్తే దిగుబడి పెరుగుతుందంటారు. ఏది నిజం? – ఒక విద్యార్థిని

జవాబు: రెండూ నిజమే. ముందు చూడాల్సింది ఆ చర్య వెనక్కి తిరిగేదా కాదా అని. హైడ్రోజన్, ఆక్సిజన్ మండి నీరయ్యే చర్య దాదాపు ముందుకే పోతుంది. 4 గ్రాముల హైడ్రోజన్‌కి 32 గ్రాముల ఆక్సిజన్ సరిపోయి 36 గ్రాముల నీరొస్తుంది. హైడ్రోజన్‌ని 10 గ్రాములకి పెంచినా వచ్చేది 36 గ్రాములే, ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి 6 గ్రాముల హైడ్రోజన్ ఊరికే మిగులుతుంది.

ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిస్తే ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, నీరు వస్తాయి కదా, ఇక్కడ కథ వేరు, ఎందుకంటే ఏర్పడిన ఆ రెండూ మళ్లీ కలిసి ఆమ్లం, ఆల్కహాల్‌గా మారిపోతూనే ఉంటాయి. సమతాస్థితి స్థిరాంకం, అంటే సమతాస్థితిలో ఏర్పడిన పదార్థాల గాఢతల లబ్ధాన్ని కలిసిన పదార్థాల గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చే సంఖ్య, సుమారు 4. చెరో మోల్ తీసుకుంటే ఆమ్లంలో 67 శాతమే ఎస్టర్ అవుతుంది. ఆల్కహాల్ 3 మోల్‌లు వేయండి, 90 శాతం. 10 వేయండి, 97 శాతం. ఆల్కహాల్ అణువులు ఎక్కువైతే ఆమ్లం అణువులకి వాటితో ఢీకొనే అవకాశం పెరుగుతుంది, అంతే. స్థిరాంకం మారదు, అది మారాలంటే ఉష్ణోగ్రత మారాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఇంకో మాట: 3 నుంచి 10కి వెళ్తే పెరిగింది 7 శాతమే, మిగిలిన ఆల్కహాల్‌నంతా తర్వాత స్వేదనం చేసి వేరు చేయాలి. అందుకే రెండింట్లో చవకగా దొరికేదాన్ని, తేలిగ్గా వేరు చేయగలిగేదాన్ని అదనంగా తీసుకుంటారు.

ప్రశ్న: మరి క్రియాజన్యం (చర్యలో ఏర్పడే పదార్థం) ఎక్కువైతే?

జవాబు: చర్య వెనక్కి మొగ్గుతుంది. పై చర్యలో మొదట్లోనే నీళ్లు పోసి చూడండి, ఎస్టర్ తగ్గుతుంది. నన్నడిగితే, క్రియాజనకాన్ని గుమ్మరించడం కన్నా ఏర్పడిన క్రియాజన్యాన్ని ఎప్పటికప్పుడు తీసేయడమే మంచి పద్ధతి. అమోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో చేసేది అదే: నైట్రోజన్, హైడ్రోజన్ చర్యని వేగవంతం చేసే ఉత్ప్రేరకం మీదుగా ఒకసారి పోతే కొద్ది భాగమే అమోనియా అవుతుంది, దాన్ని చల్లబరిచి ద్రవంగా బయటికి లాగేసి, మిగిలిన వాయువుల్ని మళ్లీ లోపలికే పంపుతారు. అలా తిప్పుతూ పోతే చివరికి వృథా చాలా తక్కువ.

ఒక్క జాగ్రత్త, ఇదంతా ద్రావణాలకీ వాయువులకీ వర్తిస్తుంది, శుద్ధ ఘనపదార్థాలకి కాదు. కాల్షియం కార్బొనేట్ వేడికి సున్నం, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మూసిన పాత్రలో కాల్షియం కార్బొనేట్‌ని వేడిచేసి సమతాస్థితికి తెచ్చాక ఇంకో గుప్పెడు కార్బొనేట్ వేసినా కార్బన్ డయాక్సైడ్ పీడనం పెరగదు, ఆ ఉష్ణోగ్రతకి అదింతే. మూత తీసి వాయువుని పోనిస్తే మాత్రం కార్బొనేట్ మొత్తం సున్నంగా మారేదాకా చర్య సాగుతూనే ఉంటుంది.